మూడో రీలు

ఫర్వానియాలో క్యాసెట్ల కొట్టు ఎత్తేస్తూ
డబ్బాకి అర దినార్ అన్నాడు మలబారీ.
డబ్బా అడుగున, లేబులు ఊడిన క్యాసెట్టు ఒకటి.
ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిగోడ వాసన.
టేపు అంచు పొడుగునా తెల్లగా బూజు,
ఇడ్లీపిండి చిలికినట్టు.

జుమ్మా సంతలో వీసీఆర్ దొరికింది,
నోరు తెరవని వీసీఆర్.
పగలంతా ఏసీలు విప్పే స్క్రూడ్రైవర్‌తోనే
దాని దవడ విప్పాను.
తుడవడానికి స్పిరిట్ కావాలంటే
మందులషాపువాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు.
"తాగడానిక్కాదన్నా, హీరోయిన్ మొహం కడగడానికి."
వాడు నవ్వలేదు. చిన్న సీసా ఇచ్చాడు.

ఆరుగురి గదిలో కింది మంచం నాది.
ల్యాప్‌టాప్ మీద దుప్పటి గుడారం.
సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు,
బొమ్మ బొమ్మకీ గీతలు, మచ్చలు,
ముప్పయ్యేళ్ళుగా ఆమె బుగ్గ మీదే ఉండిపోయిన
ఎవరిదో వెంట్రుక.
బయట తోజ్ లేచిన రాత్రి
కిటికీ సందుల్లోంచి గదంతా దుమ్ము,
నేనేమో తెర మీది దుమ్ము ఏరుతూ.

కొత్తలో కనపడిందల్లా తుడిచేశాను.
పొద్దున లేచి చూస్తే
మనిషి పోయి మైనంబొమ్మ కూర్చుని ఉంది,
నవ్వినా ముడత పడదు.
ఫిల్ముకి ఉండే గరుకుని మురికనుకున్నాను.
తొమ్మిది రాత్రుల పని కొట్టేసి
మళ్ళీ మొదటి బొమ్మ దగ్గరికొచ్చాను.

గొంతులూ తేడానే, అందరికీ ఏదో తొందరున్నట్టు.
క్యాసెట్టు చేసినవాడు ఇరవై నాలుగు బొమ్మల్ని
ఇరవై అయిదుగా పరిగెత్తించాడట.
నూటికి నాలుగు వంతులు నెమ్మది చేశాను.
ఆమె ఊపిరి తీసుకుంది.

ఈ సినిమా మా ఊరి డేరా హాల్లో మూడుసార్లు చూశాను,
నేల టికెట్టు.
మూడుసార్లూ మూడో రీలు లేదు.
ఆపరేటర్ గంగులప్పకి ఆఖరి బస్సు అందాలి.
పడవ ఎక్కడానికి ఆమె గడప దాటుతుండగానే
తెర మీద నాలుగేళ్ళు గడిచిపోయేవి.
వెనక్కి తిరిగి తమ్ముడితో ఏమందో
మా పేటలో ఎవరికీ తెలీదు.
తలా ఒకటి చెప్పేవాళ్ళు, బీడీలు చేస్తూ.

క్యాసెట్టులో ఆ రీలుంది.
ఆమె తిరిగింది, పెదాలు కదిలాయి,
మాట లేదు.
టేపుకి మాట ఉండేది అంచున,
బూజు పట్టిందీ అంచునే.
గర్రుమంటూ సముద్రం మీద పాత రేడియో.

కింద మాత్రం అరబ్బీ అక్షరాలు, తెల్లగా, వెడల్పుగా.
రెండు నెలలుగా నేను చెరిపేస్తున్నవి అవే,
ఆమె కుచ్చిళ్ళకీ పడవ తాడుకీ అడ్డం వస్తున్నాయని.

గోడౌన్ కాపలా ఇద్రీస్‌కి ఫోన్లో చూపించాను.
సూడాన్ మనిషి, టీలో పంచదార కరిగేదాకా నోరు మెదపడు.
రెండుసార్లు చదివాడు.
బాబ్ అన్నది నాకూ తెలిసింది, రోజూ తట్టేదే.
మిగతాది చేతుల్తో, ఇద్దరికీ సరిగా రాని హిందీలో:
తలుపు. వెయ్యొద్దు.
నేనొచ్చేదాకా అని కాదు,
సూర్యుడు పోయేదాకా. అంతే.

వెయ్యొద్దు అందా, మూయకు అందా?
బొమ్మ వెనక బొమ్మ జరిపాను.
పెదాలు కలిసింది మూడుసార్లు.
తలుపులో పు ఒకటి.
దాన్నానుకునే ఇంకోటి, అయితే మూయకు.
కాస్త ఆగి మూడోది.
చీకటి అంటే ముందు పళ్ళు కనపడాలి,
ఇక్కడ మూసుకున్నాయి. పొద్దు.

తలుపు మూయకు. పొద్దు గూకేదాకా చాలు.

ఆ ఒక్కచోట అరబ్బీ ఉంచేశాను.
దాని పైన చిన్న తెలుగు అక్షరాలు పేర్చాను.
సినిమా చివర్న ఒక ముక్క రాశాను:
ఇక్కడి మాట అరబ్బీ నుంచి తెచ్చింది,
తప్పుంటే నాది, ఆమెది కాదు.

మూడున్నరకి హెడ్‌ఫోన్ల వైరు ఊడి
ఆ గర్రు గదంతా మోగింది.
అప్పుడే గట్టిగా చదివి వినిపించాను,
ఎవరు విన్నారో లేదో.
పై మంచం మీంచి ఓబులేసు:
"ఆయమ్మ పొద్దు గూకేదాకా చాలనింది గదా,
నీకు పొద్దు పొడిచేదాకా కావల్లా?
లైటార్పు."